సిరంజిలో బుడగ

సోమవారం. గాలి: బరువు

ఈ ఉదయం డాక్టర్ పరాంకుశం గారి గోళ్ళు నీలంగా ఉన్నాయి. టీ గ్లాసు చుట్టూ వేళ్ళు బిగించి కిటికీ దగ్గర నిలబడ్డారు. గ్లాసు తెల్లది కాబట్టి కనిపించింది. నేను చూడడం ఆయన చూశారు. గ్లాసు కింద పెట్టి, చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నారు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పను.

బడిలో సిస్టర్ అగాత మాకు ఒక అలవాటు చేయించారు. రోజు ముగిసేలోగా జరిగింది రాసిపెట్టుకోవాలి. వీలైనంత వరకు విశేషణాలు వాడకూడదు. విశేషణం వాడిన చోట మనం మనల్ని వెనకేసుకు రావడం మొదలుపెడతామని ఆవిడ నమ్మకం. బడి వదిలి చాలా కాలమైనా అలవాటు పోలేదు. కాబట్టి మళ్ళీ రాస్తున్నాను: గోళ్ళు నీలంగా ఉన్నాయి. అది వర్ణన కోసం రాసిన మాట కాదు. మా పనిలో అదొక లక్షణం.

పనికి వెళ్ళే ముందు మా వీధి సున్నం వంతు చేశాను. గాలి గొట్టాల మూతలు విప్పి, పళ్ళేల్లో ఊదా రంగుకు తిరిగిన సున్నం తీసేసి, తెల్ల సున్నం పోయాలి. మనం విడిచే చెడు గాలిని పీల్చుకునేది ఆ సున్నమే. ఈసారి సగం పళ్ళేలే మార్చమన్నారు. సున్నం తెచ్చే ఓడ దిగాల్సిన రోజు దాటిపోయింది. పైన, నీళ్ళ మీద, తుఫాను అట. అడుగూరులో మాకు తుఫాను తెలియదు. మా నెత్తి మీద అంత సముద్రం ఉంది. తలనొప్పిని బట్టి పైన తుఫాను ఉందని తెలుసుకుంటాం.

ఆసుపత్రిలో నా పని రక్తంలో గాలి చూడడం. మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే చోట సూది దింపుతాను. మామూలు రక్తంలా లాగక్కర్లేదు, గుండె తోసినకొద్దీ దానంతట అదే సిరంజిలోకి ఎక్కుతుంది. యంత్రానికి అందిస్తే, ఆ మనిషికి ఊపిరి ఎంత అందుతోందో అంకె వస్తుంది. అంకె అరవైకి తగ్గితే అద్దాల గదిలో మంచం, స్వచ్ఛమైన ప్రాణవాయువు. అరవై, ఆపైన వస్తే మాత్రలిచ్చి ఇంటికి పంపుతారు. అద్దాల గదిలో ఆరు మంచాలున్నాయి.

రోగి తెరకు అవతల పడుకుంటాడు. తెరకు ఒక కంత ఉంటుంది. అందులోంచి చేయి మాత్రం ఇవతలికి వస్తుంది, మణికట్టుకు నంబరు బిళ్ళతో. పేరు చెప్పకూడదు, ఉద్యోగం చెప్పకూడదు, అసలు మాట్లాడకూడదు. తోడు వచ్చినవాళ్ళకీ ఇదే నియమం. పెట్టింది పరాంకుశం గారు. అంతకు ముందు పాలక సభ వాళ్ళ బావమరుదులకే మంచాలు దొరికేవట. మనిషిని చూడొద్దు, అంకెను చూడు అని ఆయన గోడ మీద రాయించారు. ఊరు ఆయనకు దండ వేసింది. ఆయన మీద ఆరో తరగతిలో ఒక పాఠం ఉంది. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నాకు మంచి మార్కులు వచ్చాయి.

మంగళవారం. గాలి: బరువు

అక్క సంగతి రాయకుండా మిగతాది రాయలేను.

అమ్మ పోయాక నన్ను తెరేజక్క పెంచింది. నేను మాట్లాడాల్సిన చోటల్లా తనే మాట్లాడేది. బియ్యం వరసలో ఎవరైనా నన్ను వెనక్కి నెడితే, మా చెల్లికి నోరు లేదు, నాకు రెండున్నాయి, ఎవరితో పెట్టుకుంటారు అని అడిగేది. నేను దుప్పట్ల కొట్లో వేడినీళ్ళ గొట్టానికి వీపు ఆనించి, చెమ్మకు ఉబ్బిన లైబ్రరీ పుస్తకాలు చదువుకునేదాన్ని. అక్క పుస్తకాలు చదవదు. పడుకున్నదల్లా లేచి గోడలోని గాలి గొట్టానికి చెవి ఆనించేది. ఏముందక్కా అంటే, దగ్గుతోందే అనేది, ఇంట్లో చంటిపిల్ల గురించి చెప్పినట్టు.

కిందటి తుఫాను కాలంలో సున్నం పొడి అక్క ఊపిరితిత్తుల్లోకి పోయింది. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేది. పరీక్షకు తీసుకెళ్ళాను. తెర చివర తోడు వచ్చినవాళ్ళకు ఒక స్టూలు వేస్తారు. అక్కడ తెర జానెడు పొట్టి. నాకు రెండు పక్కలా కనిపించింది. ఇవతల ఉన్న నర్సుకు ఒక మాట చెప్పబోయాను. అక్క నా చేయి నొక్కింది. నియమం, అంది. ఊరందరికీ ఒకటే కంత ఉండడం అక్కకు ఇష్టం.

ఆ రోజు మనుషులు తక్కువై పరాంకుశం గారే రక్తం తీశారు. ఒక్క పోటుతో తీశారు. సిరంజిని అడ్డంగా అరచేతుల మధ్య పెట్టి దొర్లిస్తూ, తన సన్మానం నాడు దండలోంచి గొంగళి పురుగు మెడ మీదికి పాకిన కథ నర్సుకు చెప్పారు. నర్సు నవ్వింది. కథ పొడుగైనది. సిరంజిలో ఎర్రటి రక్తం మధ్య ఒక తెల్లటి పూస అటూ ఇటూ జారుతోంది. బాగుందనిపించి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అంకె అరవై నాలుగు వచ్చింది.

"ఐదో నంబరు బాగుంది, ఇంటికెళ్ళొచ్చు" అన్నారాయన, కంతలోంచి వచ్చిన చేతితో.

దారిలో అక్క నవ్వింది. అరవై నాలుగటే, నేనేదో పోతున్నాననుకున్నా, అంది. ఆ వాక్యానికి మూడుసార్లు ఆగింది. రెండు రోజుల తర్వాత పొద్దున లేచేసరికి గోడ పక్కన కూర్చుని ఉంది. చెవి గొట్టానికి ఆనించే ఉంది. పిలిచాను.

ఆ పైన నేను ల్యాబు పరీక్ష రాశాను. లూర్దమ్మ గారు నన్ను శిష్యురాలిగా తీసుకున్నారు. ఆవిడ ల్యాబుకు పెద్ద, నోటికీ పెద్దే. మొదటి వారంలో ఒక సిరంజి నా కళ్ళ ముందు పెట్టి అడిగారు.

"ఇందులో తెల్లగా ఏముందే పిల్లా?"

బుడగ అన్నాను.

"బుడగ కాదు, పెళ్ళిచూపుల ఫోటో. గది గాలి రక్తానికి అంటిందంటే, ఉన్నదానికంటే అందంగా కనబడద్ది. యాభై ఉన్నోడు కూడా అరవై దాటేస్తాడు. సిరంజి నిలబెట్టు, వేలితో కొట్టు, బుడగ పైకొచ్చాక తోసెయ్. ఆ తర్వాతే మూత, ఆ తర్వాతే దొర్లించడం. తెలిసిందా?"

తెలిసింది. నేను బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పి, నీళ్ళు పారుతుంటే నిలబడ్డాను.

ఆ ఆదివారం నుంచి ప్రభువు ప్రార్థనలో క్షమించడం గురించిన వాక్యం దగ్గర నా పెదవులు కదలవు. పక్కన నిలబడే సిస్టర్ అగాతకు తెలుసు. ఏమీ అడగలేదు.

ఒక నాటికి ఆ కంతలోంచి ఆయన చేయి వస్తుంది. ఆ నాడు నా సిరంజిలో బుడగ ఉంటుంది. అప్పటిదాకా నేను బాగా పని చేస్తాను. ల్యాబులో నా అంత శుభ్రంగా నాడి పట్టేవాళ్ళు లేరని లూర్దమ్మ గారే అంటారు. ఆ చేయి దగ్గర నన్నే నిలబెట్టాలి కదా.

బుధవారం. గాలి: ముతక

ముతక అని ప్రకటన పలక మీద రాయడం చాలా కాలం తర్వాత చూశాను. బడికి సెలవిచ్చారు. పిల్లలు పరుగెత్తకూడదని వీధుల్లో తాళ్ళు కట్టారు. బేకరీ పొయ్యి ఆర్పేశారు.

పరాంకుశం గారు మెట్ల మధ్యలో ఆగి కమ్మీ పట్టుకున్నారు. ఏం సార్, మెట్లు పెంచారా అని లూర్దమ్మ గారు కింది నుంచి అడిగారు. మెట్లు కాదు లూర్దమ్మా, నీ ఉప్మా పెరిగింది అన్నారాయన. అందరూ నవ్వారు. నేను ఆయన మెడ చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింది ఎముకల పైన గుంట పడుతోంది.

డాక్టర్ కాదంబరి గారు నవ్వలేదు. ఆవిడ ఆయన కింద పనిచేస్తారు, ఆయనకు ఎదురు మాట్లాడేది ఊళ్ళో ఆవిడ ఒక్కరే. తెర తీసెయ్యాలని, అంకెతో పాటు మనిషినీ చూడాలని ఆవిడ పాలక సభకు అర్జీ పెట్టారు. శుక్రవారం సభ. తెర తరఫున మాట్లాడవలసింది పరాంకుశం గారు. ఆయన మాట్లాడితే తెర ఉంటుంది. ఆయన దండ ఇంకా సభ గోడ మీద వేలాడుతోంది.

మధ్యాహ్నం కాదంబరి గారు, గాలి ముతకగా ఉంది కాబట్టి రేపు సిబ్బంది అందరికీ రక్తం తీయాలని ఆర్డరు వేశారు. అందరికీ అన్న మాట కింద గీత గీశారు.

నేను సూదులు సర్దుకున్నాను.

గురువారం. గాలి: ముతక

తొమ్మిది చేతుల తర్వాత ఆయన చేయి వచ్చింది. పదో నంబరు బిళ్ళ. గోళ్ళు చూడక్కర్లేకపోయింది. చూపుడు వేలి మీద సిరా మరక నాకు తెలుసు.

చేసేదంతా ఎప్పటిలాగే చేశాను. పిడికిలి మూయమని మణికట్టు మీద తట్టాను. రెండు పక్కలా నాడులు నొక్కిపట్టి పిడికిలి విప్పించాను. అరచేయి పాలిపోయింది. ఒక పక్క వదిలితే రంగు తిరిగి రావాలి. వచ్చింది, వంకాయ రంగు. సూది దింపాను. రక్తం ఎక్కింది. బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలా ఉంది. సూది తీసి దూది నొక్కాను. సిరంజి అడ్డంగా పట్టుకుని చూశాను. తెల్లటి పూస ఉంది. నేనే ఉండనిచ్చాను.

అప్పుడు తెర మాట్లాడింది.

"జెసింతా, నువ్వేనా?"

తెర వెనక నుంచి మాట రాకూడదు. నేను దూది ఇంకాస్త నొక్కాను.

"నాడి పట్టుకున్న తీరు బట్టి తెలుస్తోందిలే. ఒక పని చెయ్యమ్మా. చిన్న బుడగ ఉండనీ. మూత పెట్టి చేతుల్లో కాసేపు దొర్లించు."

ఇన్నాళ్ళూ ఈ క్షణాన్ని ఎన్నో రకాలుగా ఊహించుకున్నాను. ఆయనే అడుగుతారని ఒక్కసారీ ఊహించలేదు. నాకు గొంతు వచ్చింది. అది కొంచెం అక్క గొంతులా ఉంది.

"బుడగ ఉంటే ఏమవుతుంది సార్?"

"తెలియనట్టు అడక్కు. రేపు సభ. ఇవాళ నన్ను అద్దాల గదిలో పడేస్తే ఆ కాదంబరి నా తెర చింపి పోగులు పెడుతుంది. రేపు సాయంత్రం దాకా నిలబడితే చాలు, తర్వాత నేనే వచ్చి పడుకుంటా."

"ఇంతకు ముందు ఎవరికైనా ఇలా చేశారా సార్?"

తెర అవతల ఊపిరి రెండుసార్లు వచ్చి వెళ్ళింది.

"చేశా."

"ఎవరికి?"

"ఎవరికో నాకెలా తెలుస్తుందమ్మా? తెర ఉందిగా."

ఆయన గొంతులో తప్పు చేసిన జాడ లేదు. చెప్పుకోవడానికి ఎవరూ దొరక్క ఇన్నేళ్ళూ దాచుకున్నట్టు, మాట మాటకూ ఆగుతూ చెప్పారు. మంచాలు ఆరు. అయిదు నిండవచ్చు, ఆరోది ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. గాలి యంత్రాలు నడిపే ఇంజనీరు ఎవరైనా పడిపోతే, మంచం లేదని చెప్పి పంపలేం కదా. వాళ్ళు పడిపోతే ఊరంతా పడిపోతుంది. అలాగని ఒక మంచం ఫలానావాళ్ళకని నియమంలో రాస్తే, మర్నాడే సభ పెద్దలు తమకూ ఒకటి రాయించుకుంటారు. అందుకని రాయలేదు. అయిదు నిండి, ఆరో మంచానికి ఎవరైనా వచ్చినప్పుడు, అంకె అంచు మీద ఉండేలా కనిపిస్తే, దానికి కాస్త సాయం చేశారు. రక్తం రంగు చూస్తే ఆయనకు అంకె ముందే తెలిసిపోతుందట. బొత్తిగా పడిపోయినవాళ్ళకు ఎన్నడూ చేయలేదట.

"నా కోసం కాదు. ఊరి కోసం" అన్నారు.

గొంగళి పురుగు కథ కూడా ఊరి కోసమే. బుడగకు పని చేసే వ్యవధి కావాలి కదా. ఆ కథ అంత పొడుగు ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నేను సిరంజి చూశాను. నా బుడగ అందులో ఉంది. ఆయన కోరుకున్న బుడగ కూడా అదే. అడిగినది ఇస్తే అది కానుక అవుతుంది. రేపు సభలో నిలబడి, మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని, ఏ మెట్ల మీదో కూలిపోతారు. ఊరు ఇంకో దండ వేస్తుంది. ఆరో తరగతి పాఠానికి ఇంకో పేరా వస్తుంది.

సిరంజి నిలబెట్టాను. వేలితో కొట్టాను.

ఆ చప్పుడు ఆయనకు తెలుసు. కంతలోంచి చేయి లేచింది. గాలిలో వెతికింది. నా కోటు అంచు దొరికింది.

"అమ్మాయ్" అన్నారు.

పూస పైకి వచ్చింది. దూదిలోకి తోసేశాను. మూత పెట్టాను. కోటు విడిపించుకుని యంత్రం దగ్గరికి నడిచాను.

నలభై ఆరు. యంత్రం గంట కొట్టింది. కాదంబరి గారు పరుగెత్తుకొచ్చారు.

శుక్రవారం. గాలి: ముతక

ఆయన్ని అద్దాల గదిలో ఆరో మంచం మీద పడుకోబెట్టారు. మిగతా అయిదూ నిండి ఉన్నాయి. అది ఒక్కటే ఖాళీ.

సభ త్వరగా ముగిసిందట. తెర తరఫున మాట్లాడడానికి ఎవరూ లేచి నిలబడలేదు. సాయంత్రం కాదంబరి గారు స్వయంగా కుర్చీ ఎక్కి తెర కొక్కేలు విప్పారు. మంచి గుడ్డ, కంత దగ్గర ఒక అతుకేస్తే మా తలుపుకు సరిపోద్ది అని లూర్దమ్మ గారు చంకలో పెట్టుకుపోయారు.

పోతూ నా నెత్తి మీద చేయి వేశారు. "పెద్దాయన ప్రాణం నిలబెట్టావే. నోరు లేనిదానివి గానీ గట్టిదానివి" అన్నారు.

నేను ఆ చేయి దులుపుకోలేదు, ఆ మాట ఒప్పుకోలేదు. ఆవిడ పొరబడ్డారని ఇక్కడ రాస్తున్నాను. రక్తంలో ఊపిరి నలభై ఆరు దగ్గర ఉన్న మనిషికి మాట సరిగా అంటదు. విన్నది నిలవదు. ఇవాళ అద్దం బయట నిలబడి చూశాను. గడియారాన్ని చూసి అగాత అని పిలిచారు. ఆయనకు నేను చెప్పవలసిన వాక్యం ఒకటుంది. అది తొంభై దగ్గర చెప్పాలి. తెలివి మొత్తం తిరిగి వచ్చాక చెప్పాలి. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతకాలి ఆయన. ఊపిరితిత్తులు బాగు చేయడానికి కాదంబరి గారు ఏ మందు అడిగినా నేనే వెళ్ళి తెస్తున్నాను.

ఆదివారం. గాలి: మామూలు

ఓడ దిగింది. ఊళ్ళో అన్ని పళ్ళేలూ మార్చాం. వీధుల్లో తాళ్ళు విప్పేశారు, పిల్లలు అరుస్తున్నారు. ప్రార్థనలో ఆ వాక్యం దగ్గర నేను మళ్ళీ ఊరుకున్నాను.

అక్కడి నుంచి తిన్నగా అద్దాల గదికి వెళ్ళాను. తెర లేదు. ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. గోళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. రక్తం తీశాను. ఎర్రగా ఉంది. బుడగ తోసేశాను. అంకె తొంభై రెండు.

మళ్ళీ ఆయన దగ్గరికి వచ్చాను. ఆయన నా ముఖం కేసి చాలాసేపు చూశారు. ఇన్నాళ్ళు ఒకే గదిలో పనిచేశాం. నాడి పట్టుకునే తీరే ఆయనకు తెలుసు.

"చెప్పింది వినలేదేం?" అన్నారు. గొంతు బాగా వచ్చింది. "నా తెర పోయింది. నా మాట పోయింది. నేను నీకేం అపకారం చేశానమ్మా?"

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. కిందటి తుఫాను కాలం, ఐదో నంబరు బిళ్ళ, అరవై నాలుగు అన్నాను. ఆయనకు గుర్తు రాలేదు. గొంగళి పురుగు కథ చెప్పారు సార్ ఆ రోజు, అన్నాను. కథ గుర్తొచ్చింది. అలవాటుగా నవ్వబోయారు. అప్పుడు నా ముఖం చూసి ఆపేశారు.

మీకేమవుతుంది ఆమె, అని నువ్వు మాని మీరు పెట్టి అడిగారు.

అక్క, అన్నాను.

అప్పుడాయన సర్దుకున్నారు. కన్ను తుడుచుకున్నారు కూడా. బాధగానే ఉంటుందమ్మా, అయినా ఆ మంచం ఎవరి కోసం ఉంచానో నీకు చెప్పాను కదా, అన్నారు. ఊరి కోసం ఒక్కొక్కరు పోతారు, అన్నారు. ఇదే నేను వినాలనుకున్నది. ఆయన తన నోటితో, తొంభై రెండు దగ్గర, పూర్తి తెలివితో అన్నారు.

నేను మంచం కమ్మీ మీదికి వంగాను. వాక్యం చెప్పాను. గొంతు పెంచలేదు. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయన కళ్ళు పైన గాలి గొట్టం మూత దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. నేను సిరంజి, దూది, పళ్ళెం తీసుకుని వచ్చేశాను. రేపూ వెళ్ళాలి, ఉదయం రక్తానికి.

తెరేజక్క గాలి యంత్రాల ఇంజనీరు.